వాటర్‌మార్క్ సరిపోతే స్టాంపు అసలుదేనా?

తాతగారి ఆల్బమ్‌లోని పాత స్టాంపుల వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే పడే గుర్తు), అంచు రంధ్రాల లెక్క కేటలాగ్‌తో సరిపోయాయి, ఇక అవి అసలువే అనుకోవచ్చా అని అడిగారు. అప్పుడే అనుకోకండి.

స్పెరాటీ అని నకిలీ స్టాంపులు చేసే ఫోర్జర్ ఉండేవాడు, 1957లో చనిపోయాడు. చవకైన అసలు స్టాంపు తీసుకుని, దాని మీది బొమ్మను రసాయనాలతో చెరిపేసి, అదే కాగితం మీద ఖరీదైన స్టాంపు బొమ్మ ముద్రించేవాడు. కాగితం అసలుది, వాటర్‌మార్క్ అసలుది, రంధ్రాలు అసలువి, చాలాసార్లు పోస్టల్ ముద్ర కూడా అసలుదే. అబద్ధం బొమ్మలోనే ఉండేది. అందుకే ముందు చూడాల్సింది ముద్రణ.

ఇది నాకు డబ్బు పోయాక తెలిసింది. ఒకరి దగ్గర పెన్నీ బ్లాక్, అంటే 1840లో బ్రిటన్‌లో వచ్చిన నల్ల స్టాంపు కొన్నాను. కింది మూలల్లో అక్షరాలు చూశాను. ఎడమ అక్షరం వరుసను, కుడిది ఆ వరుసలో స్థానాన్ని చెబుతుంది. ఒక్కో షీట్‌లో 20 వరుసలు, వరుసకు 12 స్టాంపులు, కాబట్టి ఎడమ అక్షరం టి దాటకూడదు, కుడిది ఎల్ దాటకూడదు. సరిగ్గానే ఉన్నాయి. ఎర్రటి పోస్టల్ ముద్ర చూసి మురిసిపోయాను. కొన్నాళ్లకు ఒక మామూలు పెన్నీ రెడ్ దొరికింది. 1841లో వచ్చిన ఆ ఎర్ర స్టాంపుదీ అదే డిజైన్, చెక్కిన ప్లేటుతో అదే ముద్రణ పద్ధతి. మొదట్లో కొన్నింటిని పెన్నీ బ్లాక్ ప్లేట్లతోనే ముద్రించారు. రెండూ పక్కపక్కన పెట్టి, పది రెట్లు పెద్దదిగా చూపే లూప్‌ (భూతద్దం)తో, దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పట్టి చూశాను. ఎర్రదాని మీద సిరా సన్నటి గట్లలా పైకి లేచి ఉంది. రాణి తల వెనక గీతలు దేనికదే విడిగా కనిపించాయి. నా నల్లదాంట్లో సిరా కాగితానికి అతుక్కుపోయి ఉంది, గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మినవాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

అందుకే మీరూ ఖరీదైన స్టాంపు పక్కన, అదే పద్ధతిలో ముద్రించిన చవకైన అసలుదాన్ని పెట్టి చూడండి. ఏ పద్ధతో కేటలాగ్‌లో రాసి ఉంటుంది. చెక్కిన ప్లేటుతో ముద్రించినదని ఉండి, లూప్ కింద బొమ్మ చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది నకలే. ఫోటోగ్రావ్యూర్ అనే వేరే పద్ధతిలో ముద్రించిన స్టాంపుల్లో మాత్రం చుక్కలు మామూలే, కంగారు పడకండి.

యూవీ లైట్ కూడా పనికొస్తుంది. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చాయి, కాబట్టి 1840 నాటి స్టాంపు నీలి తెలుపుతో మెరిస్తే అనుమానించాల్సిందే. కాకపోతే ఎవరైనా డిటర్జెంట్ నీళ్లలో కడిగినా అలాగే మెరుస్తుంది. ఆ ఒక్క కారణంతో పారేయకండి.

విలువైనదనిపిస్తే నిపుణుల కమిటీకి పంపి, ఫోటోతో సర్టిఫికెట్ తీసుకోండి. లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీకి అలాంటి కమిటీ ఉంది. పంపేదాకా ఆల్బమ్‌లో అంటించిన వాటిని నీళ్లలో నానబెట్టి తీయొద్దు, కవర్ల మీద ఉన్నవాటిని కత్తిరించొద్దు.