సైకిల్ ఫోటోలో అంత ఏముంది?

"రోజూ వీధిలో కనపడే సైకిలే కదా, ఫోటోలోకి వచ్చేసరికి అంత అందం ఎక్కణ్ణుంచి వస్తుంది? గోడకి ఆనించిన పాత సైకిలు ఫోటో ఎవరు పెట్టినా జనం ఎందుకంత ఇష్టపడతారు?" అని ఒకరు అడిగారు. నేను ఫోటోలతో బతికేవాణ్ణి కాను. ఆఫీసు పని చేసుకుంటూ సెలవు దొరికినప్పుడు కెమెరా మెడలో వేసుకుని తిరిగే రకం. మాది నరసాపురం వైపు. నా హార్డ్ డిస్కులో మనుషుల తర్వాత ఎక్కువ చోటు ఆక్రమించినవి సైకిళ్ళే కాబట్టి, తెలిసినంతవరకు చెప్తాను.

పాత జ్ఞాపకాలు గుర్తొస్తాయి కాబట్టి అని చాలామంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. బారు కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు నేర్చుకున్నవాళ్ళకి, గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని మడ్‌గార్డ్ మీద పెయింటుతో రాసిన నంబరు ఇప్పటికీ గుర్తున్నవాళ్ళకి సైకిలంటే మెత్తదనం ఉంటుంది. కానీ జ్ఞాపకమే కారణమైతే పాత స్కూటరు ఫోటో కూడా అంతే పండాలి. పండదు, ప్రయత్నించి చూశాను. అసలు సంగతి ఏమిటంటే, సైకిలు దేన్నీ దాచదు.

కారుని ఫోటో తీస్తే రేకు పడుతుంది, అద్దంలో ఆకాశం పడుతుంది, లోపలి మనిషి పడడు. మోటార్ సైకిలైతే నడుము దాకా ఇంజనూ ట్యాంకూ అడ్డం, హెల్మెట్ ఉంటే మొహం కూడా లేనట్టే. సైకిలు మీద మనిషి అరికాలి నుంచి నడినెత్తి దాకా కనిపిస్తాడు. ఏ చెప్పులు వేసుకున్నాడు, లుంగీ ఎంతవరకు ఎగ్గట్టాడు, ఎదురుగాలికి ఎంత వంగాడు, అన్నీ పడతాయి. యంత్రం కూడా బయటే ఉంది. పెడల్ తొక్కితే చెయిన్ లాగడం, చెయిన్ లాగితే వెనక చక్రం తిరగడం చిన్నపిల్లలకి కూడా చూడగానే తెలిసిపోతుంది. ఇంకా చెప్పాలంటే, సైకిలు లోంచి అవతల ఉన్నది కూడా కనపడుతుంది. ఫ్రేము మధ్య ఖాళీ, చక్రం పుల్లల మధ్య ఖాళీ. వెనక సున్నం గోడ ఉంటే ఆ గోడా, కాలవ ఉంటే ఆ నీళ్ళూ సైకిలులో భాగమైపోతాయి. అందుకే ఒకే సైకిలుని పది చోట్ల నిలబెడితే పది రకాల ఫోటోలు వస్తాయి.

ఆకారం సంగతి కూడా ఉంది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు తయారు చేశాడు. దాదాపు ఒకే సైజున్న రెండు చక్రాలు, వెనక చక్రానికి చెయిన్. అప్పటిదాకా ముందు చక్రం మనిషెత్తున ఉండే సైకిళ్ళు తిరిగేవి. మనం ఇప్పుడు తొక్కేది ఆ రోవర్‌కి దగ్గరి చుట్టమే. అందులోనూ మన కడ్డీ బ్రేకుల నల్ల సైకిలు అరవై ఏళ్ళ కిందటి ఫోటోలో ఎలా ఉందో నిన్నటి ఫోటోలోనూ అలాగే ఉంటుంది. కాలాన్ని పట్టించేది సైకిలుకి తగిలించిన సామాను. ఒకప్పుడు గుడ్డ సంచీ ఉన్నచోట ఇప్పుడు ప్లాస్టిక్ బస్తా, సరుకు తడవకుండా కప్పిన పాత ఫ్లెక్సీ. క్యారియర్ మీద ఎవరో నాయకుడి నవ్వు సగానికి మడత పడి ఉంటుంది చూడండి, ఆ ఫోటో ఏ కాలానిదో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకు ఇష్టమైన చోటు చెప్తాను. నరసాపురం పక్కన మాధవాయిపాలెం రేవు నుంచి అవతల సఖినేటిపల్లికి వశిష్ఠ గోదావరి మీద పంటు, అంటే బళ్ళు కూడా ఎక్కే పెద్ద పడవ, నడుస్తుంది. మనుషులు, బైకులు, ఆటోలు, సైకిళ్ళు అన్నీ దాని మీదే దాటతాయి. పొద్దున్నే ఇవతల ఎక్కితే పంటు తూర్పుకి పోతుంది కాబట్టి సూర్యుడు ఎదురుగా ఉంటాడు. ఆ ఎదురెండలో బైకులూ ఆటోలూ నల్లటి ముద్దలైపోతాయి. సైకిలు మాత్రం గీతలు గీతలుగా విడిపోయి నిలబడుతుంది. రిమ్ము అంచుకి సన్నగా వెలుగు అంటుకుంటుంది, పుల్లల మధ్య నీళ్ళు మెరుస్తుంటాయి. కెమెరాలో వెలుతురు నీళ్ళకి తగ్గట్టు పెట్టుకోండి, మనిషికి కాదు. ఫోన్ అయితే తెర మీద నీళ్ళున్న చోట వేలితో తట్టి, ప్రకాశం కాస్త కిందికి లాగండి. వెలుగునీడల్ని సమం చేసే హెచ్‌డీఆర్ ఆపేయండి, లేకపోతే ఫోను మనకి మేలు చేస్తున్నాననుకుని నలుపుని బూడిద రంగు చేసి పెడుతుంది. రెండు సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడితే ఏ పుల్ల దేనిదో తెలీదు. రెండడుగులు పక్కకి జరిగి, ఒక సైకిలు చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేం లేకుండా చూసుకుంటే చాలు.

పంటు మీద సైకిలు వాళ్ళకి కాసేపు చేయడానికి ఏ పనీ ఉండదు. ఆ ఖాళీ సమయం ఫోటోకి బంగారం. ఒకాయన ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి హ్యాండిల్ మీద వేసి పశువుని పట్టుకున్నట్టు నిలబడతాడు. ఇంకొకరు బారుకి నడుము ఆనించి పేపరు చదువుతారు. ఒకసారి నేను కెమెరా ఎత్తగానే ఒక పెద్దాయన, "ఏం బాబూ, ఫోటో నాకా, సైకిలుకా?" అన్నారు. "ఇద్దరికీనండి బాబాయిగారూ" అన్నాను. "ఆయ్, దానికే తియ్యండి. నాకంటే అదే బాగుంది, మొన్నే ఆయిలింగు చేయించాను" అని పక్కకి తప్పుకున్నారు. ఆయన తప్పుకున్నాక తీసింది మామూలు ఫోటో. తప్పుకుంటూ మడ్‌గార్డ్ మీద దుమ్ము తువ్వాలుతో తుడిచారే, ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో గోడకి ఉంది.

ఇక సైకిలు మీద మోసే బరువులు. కోనసీమ కాలవ గట్ల మీద కొబ్బరికాయలు బారుకి రెండు వైపులా వేలాడదీసి, తొక్కకుండా తోసుకుంటూ వెళ్తుంటారు. ఊళ్ళలో పాల క్యాన్లు, ఇడ్లీ డబ్బాలు, పీచుమిఠాయి కట్టిన కర్ర, తెలంగాణలో కల్లు లొట్లు. ఇవి చాలావరకు టీవీఎస్ మోపెడ్ల మీదికి వెళ్ళిపోయాయి. వాళ్ళ మోకాళ్ళకి మంచిదే, ఫోటోకే నష్టం. ప్లాస్టిక్ బిందెలు అమ్మేవాళ్ళు మాత్రం కొందరు ఇంకా సైకిలు వదల్లేదు. సైకిలు ఏదీ దాచదన్నాను కదా, అందుకు ఇదొక్కటే మినహాయింపు. వెనక నుంచి చూస్తే ఎరుపు, పచ్చ, నీలం బిందెల గుట్ట, దాని కింద రెండు పాదాలు, అంతే. వెనక నుంచే తీయండి.

సానపట్టే ఆయన కనిపిస్తే వదలకండి. సైకిలుకి స్టాండు వేసి, సీటు మీద కూర్చుని, ఉన్నచోటే తొక్కుతుంటే ముందు బిగించిన సానరాయి తిరుగుతుంది. కత్తి ఆనించగానే నిప్పురవ్వలు. ఎండలో రవ్వలు కనపడవు, ఆయన్ని ఏ చెట్టు నీడలోకో రమ్మని అడగండి. కెమెరా షట్టరు తెరిచి ఉండే సమయం 1/60 సెకను దగ్గర పెడితే రవ్వలు చుక్కలుగా కాకుండా గీతలుగా వస్తాయి.

కదిలే సైకిలు గురించి ఒక తమాషా ఉంది, దీన్ని ఎవరికి చూపించినా నమ్మరు. కెమెరాని కదపకుండా పట్టుకుని, పక్కనుంచి వెళ్తున్న సైకిలుని 1/60 దగ్గర తీయండి. ఫోటోని పెద్దది చేసి చక్రం చూడండి. నేలకి దగ్గరున్న పుల్లలు దాదాపు స్పష్టంగా ఉంటాయి, పైన ఉన్నవి చెరిగిపోయి ఉంటాయి. దొర్లే చక్రంలో నేలని తాకే చోటు ఆ క్షణానికి కదలదు. పై అంచు మాత్రం సైకిలు వేగానికి రెట్టింపుతో ముందుకి పోతుంది. ఫిజిక్స్ మాస్టారు బోర్డు మీద గీసి చెప్పినప్పుడు నాకు ఎక్కలేదు, ఫోటోలో చూశాక ఎక్కింది.

అదే మీరు సైకిలుతో పాటు కెమెరాని తిప్పుతూ తీస్తే వేరే ఫోటో వస్తుంది. షట్టరు 1/20, 1/30 మధ్య పెట్టుకోండి. తల, సీటు, ఫ్రేము నిలబడతాయి, వెనక వీధంతా గీతలైపోతుంది, పాదాలు మాత్రం పైకీ కిందికీ పోతుంటాయి కాబట్టి అవి కూడా చెరుగుతాయి. నిజానికి ఆ పాదాల వల్లే తొక్కుతున్నట్టు అనిపిస్తుంది. పట్టపగలు ఫోను ఇంత నెమ్మది షట్టరుకి ఒప్పుకోదు, సాయంత్రం చీకటి పడబోయే ముందు షట్టరు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో ప్రయత్నించండి. చాలా ఫోటోలు పాడవుతాయి, పాడవనివ్వండి.

సైకిలు వెంట పడకండి. చోటు ముందు చూసుకుని సైకిలు కోసం ఆగండి. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్ 1932లో ఇయేర్ అనే ఊళ్ళో తీసిన ఫోటో ఒకటుంది. పైనుంచి మెట్లు మెలిక తిరుగుతూ కిందికి దిగుతాయి, కింద వీధి మలుపులో ఒక సైకిలు మనిషి చెరిగిపోతూ దూసుకుపోతుంటాడు. మెట్లని చేత్తో మూసి చూడండి, ఎవడో పోతున్నాడు అంతే. సైకిలుని మూసి చూడండి, ఉత్త మెట్లు. రెండూ ఒకే క్షణంలో పడ్డాయి కాబట్టే అంత పేరు. మన ఊళ్ళలోనూ పాత మేడ మెట్లు, బావి గట్టు, మలుపులో రంగు గోడ ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ నిలబడి టీ తాగుతుంటే సైకిలు దానంతటదే వస్తుంది.

మేడ మీద నుంచి తీయడం కూడా నాకు బాగా నచ్చుతుంది. నిట్టనిలువుగా కిందికి చూస్తే సైకిలు ఒక సన్నటి గీత, దాని మీద ఒక తల. పొద్దున ఏడూ ఎనిమిది గంటల ఎండలో పక్కన పడ్డ నీడ మాత్రం అసలు సిసలు సైకిలు. ఫోటోని తిప్పి పెడితే నీడే తొక్కుకుంటూ పోతున్నట్టుంటుంది.

దగ్గర నుంచి తీసేవి తొందరగా విసుగొస్తాయని నా అభిప్రాయం. బెల్లు, తుప్పు, చిరిగిన సీటు అందరూ తీస్తారు. చిత్రకారుడు పికాసో 1942లో ఒక పాత సీటునీ హ్యాండిల్‌నీ కలిపి ఎద్దు తల చేశాడు, సైకిలు విడి భాగాల సరదా అక్కడితో చాలావరకు తీరిపోయిందనుకుంటాను. దసరాకి మాత్రం నేనూ దగ్గరికి వెళ్తాను. కడిగిన సైకిలు, హ్యాండిల్‌కి బంతిపూల దండ, పసుపు కుంకుమ బొట్లు, చక్రం కింద నిమ్మకాయ. నల్ల పెయింటు మీద ఆ పసుపు ఎంత బాగుంటుందో చెప్పలేను. బ్లాక్ అండ్ వైట్‌లోకి మాత్రం మార్చకండి, ప్రాణం పోతుంది.

ఒక మాట కాస్త కటువుగా చెప్పాలి. మనకి ముచ్చటగా కనిపించే సైకిలు, దాని మీద ఎర్రటెండలో బస్తాలు లాగే మనిషికి ముచ్చట కాదు. ఎంత బరువు కడితే అంత కూలి. ఎగువలో దిగి నెట్టుకునేటప్పుడు ఆ మొహంలోకి లెన్సు పెట్టడం నాకు నచ్చదు. దించాక, బీడీ వెలిగించుకున్నాక, అడిగి తీస్తాను. వద్దంటే వద్దు. మీరు ఎవరి ఫోటో తీశారో వాళ్ళకి ప్రింటు వేయించి ఇవ్వండి, పెద్ద ఖర్చేం కాదు. ఫోన్లో చూపిస్తే నవ్వి ఊరుకుంటారు. కాగితం చేతికిస్తే జేబులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్తారు.

హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. తొక్కడానికి హాయిగా ఉంటుంది. ఫోటోకి మాత్రం అన్నీ ఒకే రకం హెల్మెట్లు, ఒకే రకం వేగం, నాకు అక్కడ చెయ్యి ఆడలేదు. మీకు ఆడొచ్చు. ఇంకో చిక్కు, ఎన్నికల ముందు సైకిలు ఫోటో పెడితే మన దగ్గర "ఓహో, మీరు ఆ పార్టీయా" అంటారు. పసుపు రంగు గోడ ముందు తీస్తే ఇక వాదించి లాభం లేదు.

ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నట్టయితే ఖరీదైన లెన్సు వద్దు. నేల మీద గొంతుక్కూర్చుని చక్రం ఇరుసు ఎత్తులో కెమెరా పట్టుకోండి. ఫోన్లో వైడ్ వదిలేసి రెండు రెట్ల జూమ్ పెట్టుకుని వెనక్కి జరగండి, లేకపోతే చక్రాలు కోడిగుడ్లలా సాగుతాయి. పక్కనుంచి తీసేటప్పుడు ఫ్రేము త్రికోణంలో కరెంటు స్తంభమో చెత్తబుట్టో ఇరుక్కోకుండా చూసుకోండి. మొదటి వారం మీ వీధి సైకిల్ షాపు చాలు. అక్కడ సైకిలు తలకిందులుగా ఉంటుంది, చక్రం గాల్లో తిరుగుతుంది, ట్యూబుల గుత్తులు వేలాడతాయి, మేస్త్రీ చేతులకి గ్రీజు ఉంటుంది. ముందు మీ సైకిలుకి గాలి కొట్టించుకుని, ఆ తర్వాత అడగండి, ఎవరూ కాదనరు. తొట్టిలో ట్యూబు ముంచినప్పుడు వచ్చే బుడగలు కావాలంటే షట్టరు 1/500 ఉండాలి. షాపు లోపల చీకటిగా ఉంటే, తక్కువ వెలుతురులోనూ ఫోటో పడేలా చేసే ఐఎస్ఓ 1600 పెట్టండి, అవసరమైతే ఇంకా పైకి పెంచండి. లేదా తొట్టిని గుమ్మం దగ్గరికి జరపమని అడగండి, అది ఇంకా తేలిక.