నిమ్మ చిగుళ్లపై వెండి గీతలు – మందు ఎప్పుడు కొట్టాలి?

ప్రశ్న: మాది మూడేళ్ల నిమ్మతోట. లేత ఆకుల మీద పాము పాకినట్టు తెల్లటి గీతలు పడి, ఆకులు ముడుచుకుపోతున్నాయి. పది రోజుల్లో రెండుసార్లు మందు కొట్టినా ఆకులు విచ్చుకోలేదు. పక్క రైతు పాముపొడ అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక రైతు, పొదలకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: పాముపొడ అనేది వరికి వచ్చే శిలీంధ్రపు తెగులండీ. మీ తోటలో ఉన్నది ఆకుముడత పురుగు, లీఫ్ మైనర్ అంటారే, అది.

గీతలు పడిన లేత ఆకు ఒకటి తెంపి ఎండకు పట్టి చూడండి. వెండిపూత లాంటి పొర కింద, గీత నడుమ సన్నటి నల్లచార కనిపిస్తుంది. అది పురుగు విసర్జించిన మలం. దాని వెంటే చూసుకుంటూ పోతే చివర్లో 3 మిల్లీమీటర్లకు మించని లేత పసుపు పురుగు దొరుకుతుంది. దీని తల్లి వెండిరంగు రెక్కల పురుగు. రెక్కలు చాపినా 5 మిల్లీమీటర్లు దాటదు, రెక్క కొసన నల్లచుక్క ఉంటుంది. చీకటి పడ్డాక లేత ఆకుల మీద, ఎక్కువగా నడిమి ఈనె పక్కన, గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు నేరుగా ఆకు పైపొర కిందికి దూరి రసం తాగుతుంది. ఎదిగాక ఆకు అంచుకు చేరి, పట్టుదారంతో అంచు మడిచి అందులోనే కోశస్థ దశ (రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ) గడుపుతుంది. వేడి వాతావరణంలో ఇదంతా రెండు మూడు వారాల్లో అయిపోతుంది.

ముడుచుకున్న ఆకు ఏ మందు కొట్టినా విచ్చుకోదు. దాని కోసం మళ్లీ మళ్లీ కొట్టి డబ్బు పోగొట్టుకోకండి. ఆకు ముదిరితే ఈ పురుగు గుడ్డు పెట్టదు కాబట్టి, కాపాడాల్సింది కొత్త చిగురునే. చిగురు అంగుళం, రెండంగుళాలు ఉన్నప్పుడు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఉధృతి ఎక్కువైతే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. అనే పురుగుమందు లీటరుకు 0.5 మి.లీ. చాలు. పూత మీద మాత్రం వద్దు, తేనెటీగలు చస్తాయి.

గీతలు పడ్డ ఆకుల్ని కత్తిరించకండి, మిగిలిన పచ్చదనం చెట్టుకు ఆహారమే. నీటికొమ్మలు, అంటే నిటారుగా ఏపుగా పెరిగే కొమ్మలు, మాత్రం తీసేయండి, అవి ఎప్పుడూ చిగురిస్తూ పురుగును పిలుస్తాయి. యూరియా ఒకేసారి గుమ్మరించినా అంతే, లేత చిగురు ఎక్కువవుతుంది.

నిమ్మలో నాకు ఎక్కువ టెన్షన్ బ్యాక్టీరియా వల్ల వచ్చే గజ్జి తెగులు గురించే. పురుగు తొలిచిన గాయాల్లోంచి ఆ బ్యాక్టీరియా తేలిగ్గా దూరుతుంది. ఆకుల మీద గరుకు మచ్చలు, చుట్టూ పసుపు వలయం కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ విడిగా కొట్టండి.