తిరిగి తిరిగి అక్కడికే వచ్చే పేజీ

చిరంజీవి నాయనకు, పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

జనానికి ఆన్‌లైన్ ఫారాలు నింపిచ్చే నీ షాపు నుంచి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసినా. "టూ మెనీ రీడైరెక్ట్స్" అని పడింది, అంటే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మరీ ఎక్కువసార్లు తోసినారని. కింద రీలోడ్ బటన్. "ఉరవకొండలో నెట్ సరిగా రావడం లేదు, వేరే కనెక్షన్ పెట్టించమంటావా" అని అడిగినావు. ఆ ఖర్చు పెట్టొద్దు. నెట్ బాగుంది కాబట్టే ఆ మెసేజ్ వచ్చింది. నెట్ లేకుంటే బ్రౌజర్ సైటు దాకా పోనే పోదు, ఇన్నిసార్లు తిరిగే పనే ఉండదు. ఫోన్లో చెప్తే సగం వింటావు, సగం కస్టమర్‌తో మాట్లాడతావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు ఆ తిరగడం ఏందో చూడు. వెబ్‌కు పుట్టుకతోనే జ్ఞాపకం లేదు. నువ్వు ఒక పేజీ అడిగితే సర్వర్, అంటే సైటును నడిపే కంప్యూటరు, ఇస్తుంది, మరుక్షణం నిన్ను మర్చిపోతుంది. ఇంకో పేజీ అడిగితే నువ్వు దానికి మళ్లీ కొత్తవాడివే. ఈ ఇబ్బందికి 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేసే లూ మాంటులి అనే ఇంజనీరు కుకీ అనే ఉపాయం కనిపెట్టినాడు. సర్వర్ ఒక చిన్న గుర్తు రాసి బ్రౌజర్ చేతికిస్తుంది, బ్రౌజర్ ప్రతిసారీ దాన్ని చూపిస్తుంది. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ మాదిరి అనుకో. డాక్టరు గది దగ్గర అటెండరు చీటీ అడుగుతాడు, లేదంటే కౌంటరుకు పొమ్మంటాడు. కౌంటరులో చీటీ రాసిచ్చి డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. నువ్వు ఆ చీటీ తీసుకోకుండా వట్టి చేతులతో వస్తే అటెండరు మళ్లీ కౌంటరుకే పంపిస్తాడు. ఇద్దరిదీ తప్పు లేదు. సైటులో కూడా ఇంతే. దరఖాస్తు పేజీ లాగిన్‌కు తోస్తుంది, లాగిన్ పేజీ కుకీ ఇచ్చి దరఖాస్తు పేజీకి తోస్తుంది. కుకీలు వద్దని నువ్వు బ్రౌజర్‌కు చెప్పి పెట్టినావు కాబట్టి అది తీసుకోదు. ఇట్లా ఇరవై సార్లు తిరిగినాక క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా ఇంక చాలని చేతులెత్తేస్తుంది. నీకు కనిపించింది ఆ మెసేజే. ఫైర్‌ఫాక్స్ అయితే కుకీలు ఆపేసినందువల్ల కూడా ఇట్లా కావచ్చని అక్కడే రాసి చూపిస్తుంది. మనవాళ్లు ఎర్రర్ అన్న మాట చూస్తే చాలు, కింద రాసింది చదవరు.

రీలోడ్ కొడితే ఏమవుతుంది? ఇంకో ఇరవై తిరుగుళ్లు. అంతే.

కుకీలు ఎందుకు ఆపినావని అడిగితే, కస్టమర్ల వివరాలు భద్రంగా ఉండాలని, కుకీలంటే వైరస్ మాదిరి అని ఎవరో చెప్పినారన్నావు. కుకీ ప్రోగ్రాం కాదు నాయనా, అది తనంతట తాను ఏమీ చేయలేదు. నాలుగు కేబీకి మించని అక్షరాల ముక్క. మనం ఏయే సైట్లు చూస్తున్నామో వెంటబడి కనిపెట్టే కుకీలు ఉన్నాయి, కాదనను. అవి ఎక్కువగా థర్డ్ పార్టీవి, అంటే నువ్వు తెరిచిన సైటువి కాకుండా అందులో దూరిన వేరేవాళ్లవి. వాటిని ఆపుకో, చాలామటుకు ఇబ్బంది రాదు. సైటు సొంత కుకీని ఆపితే మాత్రం లాగిన్ అడిగే ఏ పనీ జరగదు. నీ షాపులో వచ్చేవన్నీ లాగిన్ పనులే కదా.

ఇక తీరు చెప్తా, ఇదే వరుసలో పో.

పేజీ తిరుగుతుంటే మొదట ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే పాత కుకీలేవీ లేకుండా విడిగా తెరుచుకునే విండోలో, అదే సైటు తెరువు. అందులో బాగా వచ్చిందంటే నీ సెట్టింగ్ తప్పు కాదు. మామూలు విండోలో ఆ సైటువి పాత కుకీలు చెడిపోయి ఉంటాయి, లేకుంటే ఏదో ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు మనం అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాం, అడ్డుపడుతుంటుంది. ఎక్స్‌టెన్షన్లు మనం అనుమతిస్తే తప్ప ఇన్‌కాగ్నిటోలో పనిచేయవు కాబట్టి తేడా తెలిసిపోతుంది. ఇన్‌కాగ్నిటోలో కూడా తిరుగుతుంటే నీ ఫోన్లో, షాపు వైఫై తీసేసి మొబైల్ డేటా మీద చూడు. ఫోన్లో వచ్చి సిస్టంలో రాకుంటే కుకీల సెట్టింగ్ దగ్గరికి పో. ఎందుకంటే మామూలు విండోలో కుకీలు ఆపేస్తే ఇన్‌కాగ్నిటోకు కూడా ఆ ఆజ్ఞ వర్తిస్తుంది. ఫోన్లో కూడా తిరుగుతుంటే తప్పు సైటువాళ్లది. అప్పుడు నువ్వేం చేసినా దండగ.

సెట్టింగ్ యాడుందో చెప్పడమే కష్టం, వెర్షన్ మారినప్పుడల్లా పేర్లు మారుస్తారు. క్రోమ్ సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే గడిలో కుకీస్ అని కొట్టు. థర్డ్ పార్టీ కుకీలది ఒక చోట ఉంటుంది, మొత్తానికి ఏ సైటూ ఏమీ దాచుకోకూడదనేది ఇంకో చోట, సైట్ సెట్టింగ్స్ లోపల ఆన్-డివైస్ సైట్ డేటా అనే పేరుతో ఉంటుంది. చాలామంది మొదటిది సరిచేసి, రెండోది చూడకుండా "చేసినా, అయినా రావడం లేదు" అంటారు. రెండూ చూడు. ఫైర్‌ఫాక్స్‌లో కస్టమ్ అనేది ఎంచుకుని ఆల్ కుకీస్ ఆపబోతే, సైట్లు చెడిపోతాయని ఆ వరుసలోనే రాసి ఉంటుంది. అంతకంటే ఎవరు చెప్తారు?

పాత కుకీలు తీసేయాల్సి వస్తే ఆ ఒక్క సైటువే తీసెయ్. అడ్రస్ బార్‌లో సైటు పేరుకు ఎడమ పక్కన చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే కుకీలు, సైటు డేటా కనిపిస్తాయి. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి అన్నీ ఊడ్చేసే అలవాటు చేసుకోవద్దు. అట్లా చేస్తే నీ షాపు లాగిన్లన్నీ పోతాయి. కస్టమర్లు బయట నిలబడి ఉన్న పొద్దున పూట ఒక్కొక్కదానికీ ఓటీపీ కొట్టుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

నీకు ఇంకా అనుమానంగా ఉంటే కళ్లతోనే చూసుకోవచ్చు. ఎఫ్12 నొక్కితే పక్కన ఒక పలక తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ అనేదానికి పోయి, ప్రిజర్వ్ లాగ్‌కు టిక్ పెట్టి, సైటు మళ్లీ తెరువు. వరుసగా 302, 302 అని పడుతుంటాయి. ఇంకో చోటికి పొమ్మని సర్వర్ చెప్పే అంకె అది. ఒక వరుస మీద నొక్కితే సర్వర్ పంపిన హెడర్లలో, అంటే పేజీతో పాటు వచ్చే వివరాల లైన్లలో, సెట్-కుకీ అని కనిపిస్తుంది. దాని కింది వరుస నొక్కి మన బ్రౌజర్ పంపిన హెడర్లు చూడు. అక్కడ కుకీ అనే లైనే లేదంటే దొంగ దొరికినట్టే, ఇచ్చినదాన్ని మన బ్రౌజర్ పారేసింది. 301 అని పడితే కొంచెం వేరు. అది శాశ్వతంగా మారినామని చెప్పడం. దాన్ని బ్రౌజర్ గుర్తుపెట్టుకోవచ్చు, సైటువాళ్లు సరిచేసినాక కూడా నీ సిస్టంలో పాత దారే పట్టి తిరుగుతుంది. అప్పుడు ఆ సైటు కుకీలతో పాటు క్యాష్ కూడా, అంటే బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పాత కాపీలు కూడా తీసెయ్.

డబ్బు కట్టే చోట మాత్రం జాగ్రత్తగా ఉండు. బ్యాంకు పేజీ నుంచి సైటుకు తిరిగి వచ్చేటప్పుడు పేజీ తిరిగి లాగిన్ దగ్గర ఆగిందనుకో, వెంటనే రెండోసారి కట్టొద్దు. 2020లో క్రోమ్ ఒక పద్ధతి మార్చింది. వేరే సైటు నుంచి వచ్చే కొన్ని రకాల రాకల్లో, సైటువాళ్లు ప్రత్యేకంగా అనుమతి రాసి ఉంచకపోతే కుకీ వెంట రాదు. సైటువాళ్లు దానికి తగ్గట్టు మార్చుకోకుంటే, బ్యాంకులో డబ్బు కట్ అయ్యి కూడా సైటు మనల్ని గుర్తుపట్టదు. బ్యాంకు మెసేజ్ చూడు, మళ్లీ లాగిన్ అయ్యి పేమెంట్ స్టేటస్ చూడు, ట్రాన్సాక్షన్ నంబరు కాగితం మీద రాసి కస్టమర్ చేతికి ఇవ్వు. వేరుశనక్కాయ అమ్మిన డబ్బుతో పిల్లోడి ఫీజు కట్టను వచ్చిన మనిషికి రెండుసార్లు కట్ అయితే, తప్పు ఎవరిదైనా మాట పడేది నువ్వే.

వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి తిరిగిన లింకుల మీద నొక్కి ఫారాలు తెరవొద్దు. ఎవరో లాగిన్ అయి ఉన్నప్పుడు కాపీ చేసిన లోపలి పేజీ లింకు అయితే, నీ దగ్గర ఆ గుర్తు లేక పేజీ తిరగొచ్చు. నాలుగు సైట్లు మార్చి చివరికి దొంగ సైటులో దించేవి కూడా వాటిలో ఉంటాయి. సైటు పేరు నువ్వే కొట్టి మొదటి పేజీ నుంచి పో.

కస్టమర్ల వివరాలు భద్రంగా ఉండాలన్న నీ ఆలోచన మంచిదే, దానికి దారి వేరే ఉంది. ఒక్కొక్కరికీ క్రోమ్ గెస్ట్ విండో తెరిచి ఇవ్వు. దాన్ని మూసేస్తే వాళ్ల కుకీలు, చూసిన పేజీల చరిత్ర రెండూ పోతాయి. కానీ గెస్ట్ విండోలన్నీ మూయాలి. ఒక్కటి కింద టాస్క్‌బార్‌లో నక్కి ఉన్నా కుకీలు బతికే ఉంటాయి. తర్వాత వచ్చిన పిల్లోడు కొత్త గెస్ట్ విండో తెరిచి అదే సైటు కొడితే ముందు పిల్ల మార్కులు, ఆధార్ నంబరు కళ్లముందు ఉంటాయి. నేను కమలానగర్‌లో షాపు నడిపినప్పుడు ఫారం పూర్తయినాక లాగౌట్ నొక్కించి, నా కళ్లతో చూసి, అప్పుడే డబ్బు తీసుకునేదాన్ని. డౌన్‌లోడ్స్ ఫోల్డరు మాత్రం గెస్ట్ విండో మూసినా ఖాళీ కాదు. దిగిన హాల్‌టికెట్లు, సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లు అక్కడే పడి ఉంటాయి. సాయంత్రం షట్టరు దించే ముందు అవి తీసెయ్, రీసైకిల్ బిన్ కూడా.

ఇక సైటువాళ్ల తప్పు అయినప్పుడు సంగతి. ఒక పేజీ హెచ్‌టీటీపీఎస్‌కు, అంటే భద్రమైన దారికి, పంపితే ఇంకోటి మళ్లీ భద్రత లేని పాత హెచ్‌టీటీపీకే తోసేది నేను చాలాసార్లు చూసినా. ముఖ్యంగా చివరి తేదీ దగ్గరపడి సర్వర్లో అదీ ఇదీ మార్చినప్పుడు. అప్పుడు "ఏమప్పా, పొద్దున్నుంచి కూచోబెట్టినావే" అని జనం నీ మీద పడతారు. అడ్రస్ బార్, టైము రెండూ కనిపించేటట్టు స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల ఫోనుకు పంపు. గడువు దాటిపోతే హెల్ప్‌డెస్క్‌కు చూపించుకోను ఒక ఆధారం ఉంటుంది. ఫోన్ నంబర్లు రాసుకుని, సైటు తెరుచుకోగానే పిలుస్తానని చెప్పి ఇంటికి పంపు. పూర్తికాని ఫారానికి డబ్బు తీసుకోవద్దు, ప్రింటు తీసి ఉంటే దాని వరకే తీసుకో.

మీ అమ్మను అడిగినానని చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ
అనంతపురం