జీతాన్ని చిన్నచూపు చూడకు తల్లీ

తల్లీ,

నీ ఉత్తరం అందింది. నెలనెలా జీతం కోసం ఎదురుచూసే బతుకు ఇక నావల్ల కాదు పెద్దమ్మా, నిద్రపోతున్నా డబ్బు వచ్చే దారి చూసుకుంటాను, త్వరలో రాజీనామా ఇచ్చేస్తాను అని రాశావు. నీ తెలివి మీద నాకు అనుమానం లేదు, కష్టపడే మనిషివి కూడా. అందుకే ఈ సంగతి ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చకుండా తీరిగ్గా రాస్తున్నాను. ఉద్యోగ జీవితమంతా జీతాల సెక్షన్‌లో గడిపినదాన్ని. నెల జీతం ఒక ఇంటిని ఎలా నిలబెడుతుందో, అది ఆగితే ఆ ఇంట్లో ఏమవుతుందో దగ్గర నుంచి చూశాను.

ముందు లెక్క చూద్దాం. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు అక్కడి షేర్లు, బాండ్ల పాత రికార్డులన్నీ ముందేసుకుని ఒక ప్రశ్న వేసుకున్నాడు. దాచుకున్న సొమ్ములో మొదటి ఏడాది 4 శాతం వాడుకుని, తర్వాత ధరలు పెరిగిన మేరకు ఏటా కాస్త పెంచుకుంటూ పోతే ఆ సొమ్ము 30 ఏళ్లు నిలుస్తుందా? నిలుస్తుందని తేలింది. ఏడాది ఖర్చు ఆ సొమ్ములో 4 శాతమే కావాలంటే సొమ్ము 25 ఏళ్ల ఖర్చంత ఉండాలి, నెలల్లో చెప్పాలంటే 300 నెలల ఖర్చు. ఏ పనీ చేయకుండా నీ ఇల్లు ఇప్పుడున్నట్టే గడవాలంటే అంత సొమ్ము నీ పేరున ఉండాలి. అదీ 30 ఏళ్ల మాటే. నీ వయసుకు ఇంకా ఎన్నో ఏళ్లు గడవాలి.

అదే లెక్క తిరగేసి చూడు. ఇవాళ నీ చేతికొచ్చే జీతం, 300 నెలల జీతం దాచుకున్న మనిషికి వచ్చే రాబడితో సమానం. అంత ఆస్తి చేసే పని నీ ఉద్యోగం ఇప్పుడే చేస్తోంది. దాన్ని నువ్వు ఆస్తిగా చూడటం లేదు, అంతే తేడా.

ఇంకొకటి. ఏడాది చివర నీ జీతం 10 శాతం పెరిగిందనుకో. ఏడాదికి ఒక నెల జీతం కంటే కాస్త ఎక్కువే అదనంగా వస్తుంది, వచ్చే ఏడూ వస్తుంది. అంతే సొమ్ము 8 శాతం వడ్డీగా రావాలంటే 15 నెలల జీతం పైసా ముట్టకుండా దాచి ఉండాలి. నీ వయసులో నీకున్న పొదుపు చిన్నది. దాని మీద ఎంత తెలివిగా రాబడి తెచ్చినా వచ్చేది చిన్న మొత్తమే. అదే మెదడును పని నేర్చుకోవడం మీద, జీతం పెంచుకోవడం మీద పెడితే వచ్చే తేడా చాలా పెద్దది. సొమ్ము పెద్దదయ్యాక ఈ లెక్క మారుతుంది, అప్పుడు రాబడి శాతం గురించి ఎంత తల బద్దలు కొట్టుకున్నా అర్థం ఉంటుంది. ముందు ఆ సొమ్ము పోగవ్వాలి కదా, అది పోగయ్యేది జీతంలోంచే.

నాతో పనిచేసిన ఒకావిడకు అద్దెకిచ్చిన ఇళ్లు రెండు ఉండేవి. ఆవిడకేం, కూర్చున్నచోటికి డబ్బొస్తుంది అనేవారు అందరూ. ఆవిడ టేబుల్ సొరుగులో ఒక నోట్‌బుక్ ఉండేది, ఎడమవైపు పేజీలో అద్దె, కుడివైపు పేజీలో ఖర్చు. మోటారు కాలిపోయింది, పైపు పగిలింది, ఖాళీ చేసిన వాళ్లు గోడలకు మేకులు కొట్టి పోయారు, సున్నం వేయించాలి, ఫలానా రెండు నెలలు ఖాళీ. కుడి పేజీ ఎప్పుడూ ఎడమ పేజీ కంటే ముందే నిండేది. మధ్యాహ్నం డబ్బా విప్పగానే ఫోన్ మోగేది, నీళ్లు రావడం లేదని. మా అందరి కంటే ఆలస్యంగా తినేది పాపం. ఆ ఇళ్ల మీద లాభం లేదని కాదు, ఉంది. కానీ అది ఊరికే వచ్చే డబ్బు కాదు, రెండో ఉద్యోగం. పైగా ఆ ఇళ్లు కట్టడానికి అప్పు ఆవిడకు బ్యాంకు ఏం చూసి ఇచ్చిందనుకుంటున్నావు? నేను సంతకం పెట్టించి ఇచ్చిన జీతం స్లిప్పులు చూసి. వాయిదాలు కట్టిందీ ఆ జీతంతోనే.

ఇక నువ్వు రాసిన వీడియో ఛానల్, వస్తువుల లింకులు పెట్టి కమీషన్ తీసుకునే సైటు. వీటిలో బాగా సంపాదించేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ అక్కడ నిబంధనలు రాసేది నువ్వు కాదు. 2018లో యూట్యూబ్ ఒక నిబంధన పెట్టింది. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ లేని ఛానళ్లకు ప్రకటనల ఆదాయం ఉండదంది. అప్పటికే ఆదాయం వస్తున్న చిన్న ఛానళ్లకూ అది వర్తించింది. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో లింకుల కమీషన్ తగ్గించింది, ఇంటి సామాను మీద 8 శాతం ఉన్నది 3 శాతమైంది. ఏళ్ల తరబడి సైట్లు కట్టుకున్నవాళ్లకు అదే పనికి సగం కంటే తక్కువ వచ్చింది. మీరెంత బాగా చేస్తున్నారని వాళ్లనెవరూ అడగలేదు.

వడ్డీ మీద బతికేవాళ్లకూ ఇదే సంగతి. 2008 సంక్షోభంలోనూ 2020లోనూ ఎన్నో దేశాల కేంద్ర బ్యాంకులు వడ్డీ రేట్లు బాగా దించేశాయి. డిపాజిట్ అలాగే ఉంది, వచ్చే ఆదాయం మాత్రం పడిపోయింది.

మరి ఉద్యోగం శాశ్వతమా అని అడుగుతావు. కాదు. తీసేస్తారు, కంపెనీలు మూతపడతాయి. నా చేతులతోనే చివరి సెటిల్‌మెంట్లు ఎన్నో చేశాను, ఆ రోజుల్లో ఇంటికెళ్లినా మనసు మనసులో ఉండేది కాదు. కానీ ఉద్యోగం పోయిన మనిషి చేతిలో నేర్చిన పని ఉంటుంది, తెలిసిన పదిమంది ఉంటారు, ఫలానా చోట ఇన్నేళ్లు చేశాడన్న కాగితం ఉంటుంది. మా దగ్గర నుంచి వెళ్లినవాళ్లలో చాలామందికి తర్వాతి ఉద్యోగం ప్రకటన చూసి రాలేదు, పాత సహోద్యోగి ఒక మాట చెప్తే వచ్చింది. గదిలో ఒక్కదానివే కూర్చుంటే ఇవేవీ పోగవ్వవు. నీ తప్పు పట్టుకుని సరిచేసే సీనియర్ ఉండరు, నీ పని చూసి మెచ్చుకునే మనిషీ ఉండరు. ఇరవైల్లో ముప్పైల్లో మనిషికి ఇది ఎంత అవసరమో మాటల్లో చెప్పడం కష్టం.

ఒక్క మాట సూటిగా అడుగుతాను. నీకు ఉద్యోగమంటే విసుగా, లేక ఈ ఉద్యోగమంటే విసుగా? నీ ఉత్తరంలో సగం మీ మేనేజర్ గురించే ఉంది. రాత్రి పదింటికి మెసేజ్‌లు, సెలవు అడిగితే మొహం మాడ్చుకోవడం. అదే అసలు బాధయితే దానికి మందు వేరే ఉద్యోగం. ఈ టెన్షన్‌లో ఉండి పాసివ్ ఇన్‌కమ్ అంటూ, పని చేయకున్నా డబ్బొస్తుందని చెప్పే వీడియోలు చూస్తే ప్రతిదీ తలుపు తీసినట్టే అనిపిస్తుంది. మబ్బును చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోకు. ఈ నెల నుంచే రోజుకో గంట కొత్త ఉద్యోగం వెతకడానికి పెట్టుకో, జీతం వస్తూ ఉండగానే వెతుకు. చేతిలో ఉద్యోగం ఉన్నవాళ్లు జీతం గురించి గట్టిగా మాట్లాడగలరు.

డబ్బు విషయంలో నేను చెప్పేది ఇది. ముందు ఆరు నెలల ఖర్చు విడిగా, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచు. తర్వాత జీతం పడిన రోజే ఒక భాగం పక్కకు వెళ్లిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకో, మిగిలితే దాద్దాం అనుకుంటే ఎప్పుడూ మిగలదు. ఆ భాగం ఎంత అన్నదే అసలు సంగతి. ధరల పెరుగుదల పోను 5 శాతం రాబడి వస్తుందనుకుని లెక్కేశాను. జీతంలో 20 శాతం దాస్తే నీ 25 ఏళ్ల ఖర్చు పోగవడానికి సుమారు 37 ఏళ్లు పడుతుంది, సగం దాచగలిగితే సుమారు 17 ఏళ్లు. జీతం పెరిగినప్పుడు ఖర్చు పెంచకపోవడంలో ఎంత బలముందో చూడు. నువ్వు కోరుకునే స్వేచ్ఛ ఈ దారిలో నిజంగానే ఉంది.

ఊరికే డబ్బు వచ్చే కిటుకు నేర్పిస్తానని నీకు కోర్సు అమ్మజూపిన మనిషిని ఒకటడుగు: ఆయన సంపాదనలో ఆ కిటుకు నుంచి వచ్చేదెంత, ఆ కిటుకు నేర్పిస్తానని నీలాంటివాళ్ల దగ్గర తీసుకునే ఫీజు ఎంత? ఎవరైనా నెలకింత ఖాయం అని హామీ ఇస్తే మాత్రం అసలు అడగనే అడగకు, లేచి వచ్చేయ్. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పాంజీ 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానన్నాడు. కొత్తవాళ్లు కట్టిన డబ్బే పాతవాళ్లకిచ్చాడు, కొన్ని నెలల్లోనే అంతా కూలిపోయింది.

ఛానల్ మానేయమని అనను. వారాంతాల్లో చెయ్యి, నీకు ఇష్టం కూడా. కెమెరా, కరెంటు, నీ గంటలు అన్నీ ఖర్చు కింద రాస్తూ ఒక పుస్తకం పెట్టు. ఖర్చులన్నీ పోను మిగిలింది పన్నెండు నెలలు వరసగా నీ ఇంటి ఖర్చుకు సరిపోయిందనుకో, ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి రా. రాజీనామా ఉత్తరం ఇద్దరం కూర్చుని రాద్దాం. అప్పుడు కూడా నోటీసు కాలం పూర్తిగా పనిచేసి, నీ పని ఇంకొకరికి నేర్పి, అనుభవ పత్రం, బకాయిలు తీసుకుని మరీ బయటికి రా. అవి అడిగి తీసుకోవడానికి మొహమాటపడి తర్వాత తిరిగినవాళ్లను చాలామందిని చూశాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ