రెండు తీగల నడుమ క్షేత్రాన్ని కూడాలా, తీసివేయాలా?

ప్రశ్న: నిలువుగా, సమాంతరంగా, 10 సెంటీమీటర్ల ఎడంతో ఉన్న రెండు పొడవాటి తీగల్లో ఎడమదానిలో 5 ఆంపియర్లు, కుడిదానిలో 3 ఆంపియర్ల విద్యుత్తు పైకి ప్రవహిస్తోంది. సరిగ్గా మధ్యన అయస్కాంత క్షేత్రం నాకు 32 మైక్రోటెస్లాలు వచ్చింది. జవాబుల పట్టికలో 8 అని ఉంది. నా పొరపాటు ఎక్కడ?
– ఇంటర్ ద్వితీయ సంవత్సరం విద్యార్థిని

జవాబు: మీ గుణకారాలు సరిగానే ఉన్నాయి, పొరపాటు చివరి కూడికలో జరిగింది. పొడవాటి తిన్నని తీగ వల్ల కలిగే క్షేత్రం టెస్లాలలో కావాలంటే, ఆంపియర్లను మీటర్లలో చెప్పిన దూరంతో భాగించి 2×10⁻⁷తో గుణించాలి. 0.05 మీటర్ల దూరంలో మొదటి తీగ 20, రెండవది 12 మైక్రోటెస్లాలు ఇస్తాయి. అయితే క్షేత్రం సదిశరాశి (పరిమాణంతో పాటు దిక్కు కూడా ఉన్న రాశి) కనుక, దిక్కు తేల్చకుండా ఈ అంకెలను కూడకూడదు. కుడిచేతి బొటనవేలిని ప్రవాహ దిశలో పైకి నిలిపి చూడండి, ముడిచిన వేళ్లు తీగ చుట్టూ క్షేత్రం తిరిగే దిక్కును చూపుతాయి: నడుమ భాగంలో ఎడమ తీగ క్షేత్రం మీకు ఎదురుగా దూరంగా పోతుంటే, కుడి తీగ క్షేత్రం మీవైపు వస్తుంటుంది. అందుకే 20 నుంచి 12 తీసివేయాలి.

పరీక్షల్లో దీని వెంటే వచ్చే ప్రశ్న, క్షేత్రం ఎక్కడ సున్నా అవుతుందని. రెండు తీగల నుంచి దూరాలు 5:3 నిష్పత్తిలో ఉన్నచోట, అంటే 5 ఆంపియర్ల తీగకు 6.25 సెంటీమీటర్ల దూరంలో అవుతుంది. ప్రవాహాలు వ్యతిరేక దిశల్లో ఉంటే మధ్యన మీ 32 మైక్రోటెస్లాలే సరైన జవాబు. అప్పుడు శూన్య బిందువు తీగల నడుమ కాక, బలహీనమైన తీగకు అవతల 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది.

నడుమ క్షేత్రాలు ఒకదానినొకటి తగ్గించుకుంటున్నాయి కదా, మరి తీగలు ఎందుకు ఆకర్షించుకుంటాయని చాలామంది తికమకపడతారు. ఒక తీగపై పనిచేసేది రెండవ తీగ క్షేత్రమే కాబట్టి, బలం లెక్కకు మధ్య బిందువుతో పని లేదు. ఒకే దిశలో ప్రవాహాలున్న తీగలు ఆకర్షించుకుంటాయని 1820లోనే ఆంపియర్ చూపాడు. మీ తీగల మధ్య ఆ ఆకర్షణ మీటరు పొడవుకు 3×10⁻⁵ న్యూటన్లు, దాదాపు 3 మిల్లీగ్రాముల బరువంత.

ఈ తీసివేత ఇంట్లోనూ కనిపిస్తుంది: ఫేజు, న్యూట్రల్ తీగలు రెండింటినీ కలిపి క్లాంప్ మీటరులో (తీగ చుట్టూ బిగించి ప్రవాహాన్ని కొలిచే పరికరం) పెడితే, వాటిలో సమాన ప్రవాహాలు ఎదురెదురుగా సాగుతున్నందున మీటరు దాదాపు సున్నా చూపుతుంది.