విదేశీ నిధులతో నడిచే అభివృద్ధి పథకాల వల్ల వికలాంగులకు నిజంగా మేలు జరుగుతోందా?

అంచనాలు వేసే దశలోనే స్థానిక వికలాంగుల సంఘాన్ని పిలిచి అడిగిన చోట జరుగుతోంది, మిగిలిన చోట్ల జరగడం లేదు. పోలియో వల్ల చిన్నతనం నుంచి మూడు చక్రాల బండి మీదే తిరుగుతూ, మండల వికలాంగుల సమాఖ్యలో చాలాకాలం పనిచేసిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

మా పక్క ఊళ్లో విదేశీ రుణంతో ఒక సామూహిక భవనం కట్టారు. నేల మట్టం నుంచి గడప రెండడుగుల ఎత్తున ఉంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలన్న లెక్కన అక్కడి ర్యాంపు 24 అడుగులు ఉండాలి, కట్టింది మాత్రం ఆరడుగులే. దాని మీద నున్నగా సిమెంటు పూశారు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, పైన బండి ఆగే చోటు లేకపోగా తలుపు బయటికే తెరుచుకుంటుంది. ప్రారంభోత్సవం నాడు ఇద్దరు కుర్రాళ్లు వెనక నుంచి నెడుతుంటే నా బండి ముందు చక్రం గాల్లోకి లేచింది. చివరికి బండిని ఎండలో వదిలేసి, ఊరంతా చూస్తుండగా నన్ను చేతుల మీద మోసుకెళ్లి లోపల కూర్చోబెట్టారు. ఆ అవమానం నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. ఇంజనీరును నిలదీస్తే, "ర్యాంపు పెట్టమన్నారు, పెట్టామండీ. వాలు ఎంతుండాలో ఎస్టిమేటులో లేదు" అన్నారు. నివేదికలో మాత్రం ర్యాంపు ఉన్నట్టే నమోదైంది.

పేదరికం తగ్గించడం వంటి వాటి కోసం ఐక్యరాజ్యసమితి 2000లో ప్రకటించిన ఎనిమిది సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాలలో వికలాంగుల ఊసే లేదు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 32వ అధికరణం, అంతర్జాతీయ సహకారంతో సాగే అభివృద్ధి కార్యక్రమాలు కూడా మాకు అందుబాటులో ఉండాలని తేల్చి చెప్పింది. మన దేశం దానిని 2007లోనే ఆమోదించింది. అయినా ఆ భవనం అలా తయారైందంటే, లోపం ఒడంబడికలో లేదు, అమలును తనిఖీ చేసే పద్ధతిలో ఉంది. ప్రపంచ బ్యాంకు సాయంతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన పేదరిక నిర్మూలన పథకం వెలుగులో వికలాంగులకు ప్రత్యేక సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. అధికారి ఎదుట కూర్చుని పొదుపు లెక్కలు, పింఛను దరఖాస్తులు మాట్లాడే ధైర్యం మాలో చాలామందికి అక్కడే వచ్చింది. అందుకే విదేశీ డబ్బు అనగానే కొట్టిపారేసే వారితో నేను ఏకీభవించను.

మన సొంత డబ్బుతో జరిగే పనులు మాత్రం ఏమంత మెరుగ్గా ఉన్నాయి? వైకల్య ధ్రువపత్రం ఇచ్చే శిబిరాన్నే మేడ మీద పెట్టి, నడవలేని వాళ్లను మెట్ల మీద పాకించిన రోజులు మా మండలంలో ఉన్నాయి.

2025లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ వికలాంగుల సదస్సులో, దేశాల్లో అమలయ్యే అంతర్జాతీయ అభివృద్ధి కార్యక్రమాలలో కనీసం 15 శాతం కార్యక్రమాలైనా వికలాంగులను కలుపుకుపోవడాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలని ప్రకటించారు. ఆ శాతాన్ని నివేదికలు చూసి లెక్కగడితే మా పక్క ఊరి భవనం కూడా అందులో చేరిపోతుంది. కాబట్టి పునాది తీయకముందే నక్షా మీద, చివరి బిల్లు చెల్లించకముందే టేపుతో కొలిచిన కొలతల మీద స్థానిక వికలాంగుల సంఘం సంతకం ఉండాలని నిధులిచ్చే సంస్థలు ఒప్పందంలోనే షరతు రాయాలి.