కంప్యూటర్ ఊరికే వెలుగుతుంటే బిల్లు ఎంత?

ప్రశ్న: మా ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. రోజుకు ఆరు గంటలకు మించి ఎవరూ వాడరు గానీ రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది. మాటిమాటికీ ఆపి, మళ్లీ వేస్తే పాడవుతుందని మా వారు ఆపనివ్వరు. లోపలి పవర్ సప్లై మీద 500 వాట్లు అని రాసి ఉంది. ఆ లెక్కన రోజుకు 12 యూనిట్లు కాలుతున్నట్టే కదా! దీన్ని అమ్మేసి, తక్కువ కరెంటుతో నడిచే లాప్‌టాప్ వాయిదాల మీద కొంటే బిల్లులో మిగిలే డబ్బుతోనే వాయిదాలు తీరిపోతాయని నా ఆలోచన. ఇది సరైనదేనా?

జవాబు: వాయిదాల కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదు కదా? పెట్టకండి. మీ లెక్క అంతా ఆ 500 మీదే నిలబడి ఉంది. పవర్ సప్లై గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో చెప్పే సంఖ్య అది. ఏ క్షణానికి ఎంత వాడుతోందో అది చెప్పదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు డెస్క్‌టాప్ ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు 40 నుంచి 80 వాట్ల వరకు తీసుకుంటుంది. మానిటర్‌కు మరో 20 వాట్లు వేసుకోండి.

మీ ఇంటి లెక్క మళ్లీ వేద్దాం. కంప్యూటర్‌కు 60, మానిటర్‌కు 20, మొత్తం 80 వాట్లు అనుకుందాం. ఎవరూ ముట్టుకోని 18 గంటల్లో ఖర్చయ్యేది 1,440 వాట్ అవర్లు, అంటే దాదాపు ఒకటిన్నర యూనిట్. పనిచేసే ఆరు గంటలకు సగటున 100 వాట్లు అనుకున్నా 0.6 యూనిట్. రోజుకు రెండు యూనిట్ల పైచిలుకు తప్ప 12 కాదు. అలాగని దీన్ని తీసిపారేయలేం. ఖాళీ గంటల వాటా ఒక్కటే ఏడాదికి సుమారు 525 యూనిట్లు. అంటే కంప్యూటర్ కరెంటుకు మీరు కడుతున్న దాంట్లో మూడింట రెండు వంతులకు పైగా ఎవరికీ ఉపయోగపడకుండా పోతోంది. దీన్ని రూపుమాపడానికి కొత్తగా ఏదీ కొననక్కర్లేదు.

కంప్యూటర్ సెట్టింగుల్లో పవర్ విభాగం తెరవండి. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే తెర ఆరిపోయేలా, అరగంట దాటితే కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లేలా పెట్టండి. స్లీప్‌లో చాలా డెస్క్‌టాప్‌లు అయిదు వాట్లకు మించి తీసుకోవు. మూడు వాట్లు అనుకుంటే ఆ 18 గంటల ఖర్చు ఏడాదికి 20 యూనిట్లకు దిగుతుంది. 525 ఎక్కడ, 20 ఎక్కడ! స్క్రీన్ సేవర్‌ను మాత్రం పొదుపు ఖాతాలో వేసుకోకండి. పాత గాజు గొట్టపు మానిటర్ల మీద బొమ్మ అచ్చుపడిపోకుండా వచ్చిన ఏర్పాటు అది. తెర వెలుగుతున్నంతసేపూ కరెంటు కాలుతూనే ఉంటుంది.

ఇక మీ వారి అభ్యంతరం. అది పూర్తిగా గాలి మాట కాదు. వేడెక్కడం, చల్లారడం వల్ల భాగాల మీద కొంత ఒత్తిడి పడే మాట నిజమే. కానీ తిరిగే హార్డ్ డిస్కులు పదివేల సంఖ్యలో ఆన్-ఆఫ్‌లను తట్టుకునేలా తయారవుతాయి. రోజుకు రెండుసార్లు చొప్పున పదేళ్లు ఆపినా అయ్యేది 7,300 సార్లే. హార్డ్ డిస్కుకు బదులు వాడే ఎస్ఎస్‌డీలో అయితే తిరిగే భాగమే లేదు. కంప్యూటర్ లోపల రాత్రంతా తిరిగే ఫ్యాను అరుగుతుంది, దుమ్మునూ లోపలికి లాగుతుంది. ఆయన ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోలేదు. ఆన్ చేసేటప్పుడు కరెంటు విపరీతంగా ఖర్చవుతుందనే మాట కూడా వింటుంటాం. ఆ కాస్త ఎక్కువ వాడకం కొన్ని నిమిషాల ఖాళీ నడకతో సమానం, అంతే.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. స్లీప్‌లో మీరు తెరిచిపెట్టిన పని అంతా మెమరీలో ఉంటుంది, దాన్ని నిలపడానికే ఆ మూడు వాట్లు. మధ్యలో కరెంటు పోతే సేవ్ చేయని పని పోవచ్చు. కరెంటు తరచూ పోయే ఇల్లయితే హైబర్నేట్ ఎంచుకోండి. అది అంతా డిస్కులో రాసిపెట్టి దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. మళ్లీ తెరుచుకోవడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది.

స్లీప్ పెట్టినా కంప్యూటర్ నిద్రపోవడం లేదంటే ఏదో ప్రోగ్రాం మేలుకొలుపుతోందన్న మాట. డౌన్‌లోడ్, పాట ఆడుతున్న బ్రౌజర్, నిర్ణీత సమయానికి లేపే టైమర్ వంటివి తరచుగా కారణమవుతాయి. సెట్టింగ్ మార్చాం కదా అని వదిలేయకుండా, ఒకటి రెండు రాత్రులు ఫ్యాను శబ్దం వినబడుతోందేమో చూడండి.

పూర్తిగా షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ కూడా ఆపేస్తే ఇంకా మిగలదా? మిగులుతుంది, ఆ 20 యూనిట్లలో చాలావరకు. స్విచ్ చేతికి అందేలా ఉంటే ఆపండి, బల్ల కిందికి దూరాల్సి వస్తే దాని కోసం రోజూ అవస్థ పడొద్దు. ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంటే ముందు దాని బటన్‌తో ఆపి, తర్వాతే గోడ స్విచ్ తీయండి. లేకపోతే ఇంకు చిమ్మే భాగం (ప్రింట్ హెడ్) మూతపడక ఎండిపోయే ప్రమాదం ఉంది. కొత్త కార్ట్రిడ్జ్ ధర ముందు మీరు మిగిల్చిన యూనిట్లు ఏ మూలకూ రావు.

గోడకు తగిలిస్తే చాలు, బిల్లు సగానికి తగ్గిస్తుందని అమ్మే ‘పవర్ సేవర్’ డబ్బాల జోలికి వెళ్లకండి. లోపల సాధారణంగా ఉండేది ఒక కెపాసిటర్, అంటే కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న భాగం. ఇంటి మీటరు లెక్కించేది నిజంగా వాడిన యూనిట్లను, వాటిని ఆ డబ్బా తగ్గించదు.

చివరికి లాప్‌టాప్ సంగతి. సెట్టింగులు మార్చాక మీ డెస్క్‌టాప్ ఖర్చు రోజుకు 0.65 యూనిట్‌కు వస్తుంది. లాప్‌టాప్ సగటున 25 వాట్లు తీసుకుంటూ ఆరు గంటలు నడిస్తే 0.15. తేడా రోజుకు అర యూనిట్, ఏడాదికి 180 చిల్లర. దాన్ని మీ యూనిట్ ధరతో గుణించండి. ధర శ్లాబుల వారీగా పెరిగే చోట సగటు కాకుండా మీరు చేరిన పై శ్లాబు ధర వేసుకోండి, ఎందుకంటే తగ్గేవి ఆ యూనిట్లే. వచ్చిన మొత్తాన్ని లాప్‌టాప్ వాయిదాలోని ఒక్క ఏడాది వడ్డీతో పోల్చి చూడండి. అప్పు అసలు తీరడం తర్వాత మాట, వడ్డీకైనా అది సరిపోతుందని నేను అనుకోను.

లాప్‌టాప్ ఎలాగూ కావాలనుకుంటే ఈ నెల నుంచే బిల్లును నిరుడు ఇదే నెల బిల్లుతో పోల్చి, తగ్గిన డబ్బును విడిగా జమ చేస్తూ పోండి. డెస్క్‌టాప్ దానంతట అది మూలపడ్డ రోజున ఆ సొమ్ము తీసి, మిగతాది కలిపి, అప్పు లేకుండా కొనుక్కోవచ్చు.